లెక్కల గ్రూపు తీసుకోమందామా, వద్దందామా?

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజులకు మా కొండల మీద జీడిపిక్కల పని ఇంకా పూర్తి కాదు. ఆ పని ఒక పూట మానుకుని తల్లో తండ్రో పిల్లను వెంటబెట్టుకుని కిందికి దిగి వస్తారు. సీతంపేట వైపు పనిచేసినా, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు వైపు పనిచేసినా మా ఆదివాసీ ఉపాధ్యాయులకు ఆ రోజుల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, ఏ గ్రూపు తియ్యమంటారు?"

అందులో అసలు ప్రశ్న లెక్కల గురించే. తక్కినవన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఎంపీసీ అంటే లెక్కలు ఉంటాయి. బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అంటే ఉండవు. లెక్కలంటే ధైర్యం ఉందా లేదా అన్నదాన్ని బట్టే పిల్లలు రెండు వరసలుగా విడిపోతారు. మేము ఒక మాట చెబుతాం. పిల్ల ఆ వరసలోకి వెళ్తుంది. ఆ మాట చెప్పడానికి మాకు పట్టేది రెండు నిమిషాలు. పిల్ల దానితో బతకవలసింది నలభై ఏళ్లు. అందుకే ఈ ప్రశ్నను మేము ఒకసారి కూర్చుని నిదానంగా ఆలోచించుకోవాలనుకున్నాం. ఏ గ్రూపుకు ఏ ఉద్యోగం అని చెప్పే పట్టికలు చాలానే దొరుకుతాయి. మేము అడుగుతున్నది వేరు. ఒక ఆదివాసీ పిల్లకు పెద్ద లెక్కలు తీసుకొమ్మనో వద్దనో చెప్పే హక్కు ఎవరికి ఉంది? ఏ కారణం చూపించి చెప్పవచ్చు?

ముందు మా రెండు తప్పులు ఒప్పుకుంటాం.

చాలా ఏళ్ల కిందట మా దగ్గర ఒక అబ్బాయి చదివేవాడు. లెక్కల్లో చురుకైనవాడే గాని మార్కులు అంతంతమాత్రం. ఎంపీసీ తీసుకుంటానన్నాడు. "నీకెందుకురా ఆ కష్టం? తప్పితే ఇంటికి వెళ్లిపోతావు. హెచ్‌ఈసీ తీసుకో, హాయిగా పాసవుతావు" అన్నాం. ప్రేమతోనే అన్నాం. అతను మా మాట విన్నాడు, పాసయ్యాడు, డిగ్రీ మధ్యలో మానేశాడు. ఇప్పుడు పెద్ద ఊళ్లలో కట్టడాల దగ్గర ఇనుప చువ్వలు కట్టే పని చేస్తున్నాడు. ఒక పండక్కి ఊరు వచ్చినప్పుడు కలిశాడు. మెట్ల వరసకు ఎంత పొడవు చువ్వ కావాలో ఎత్తూ అడుగూ చూసి తనే లెక్క కట్టి చెబుతాడట. మేస్త్రి కూడా అతన్నే అడుగుతాడట. ఆ సంగతి సంతోషంగా చెప్పి, కాసేపు ఊరుకుని, "మాస్టారూ, ఆ రోజు నాకెందుకు వద్దన్నారు?" అని అడిగాడు. కోపం లేకుండానే అడిగాడు. మేము జవాబు చెప్పలేకపోయాం.

రెండో తప్పు దీనికి పూర్తిగా ఎదురుది. మొదటి సంగతి మనసులో ఉండబట్టి, తరవాత వచ్చిన ఒక అమ్మాయిని మేమే ముందుకు తోశాం. తనకు మొక్కలంటే, మందులంటే ఇష్టం. వాళ్ల అమ్మమ్మ ఊళ్లో పసరు మందులు ఇచ్చేది. "మన పిల్లలు ఎప్పుడూ ఇవేనా? నువ్వు ఎంపీసీ తీసుకుని చూపించాలి" అన్నాం. చూపించాలి అన్నది మా మాట. ఎవరికి చూపించాలో మేము చెప్పలేదు. ఆమె దూరంగా ఒక కాలేజీలో చేరింది. మొదటి ఏడు రెండు పేపర్లు పోయాయి. సెలవులకు వచ్చి తిరిగి వెళ్లలేదు. మరుసటి ఏడు పెళ్లయింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాకు ఒక సంగతి తట్టింది. ఒకచోట వద్దన్నాం, ఒకచోట కావాలన్నాం. మాటలు వేరు, చేసిన పని మాత్రం ఒకటే. రెండుచోట్లా పిల్లల తరఫున మేమే తేల్చేశాం. మొదటి అబ్బాయి విషయంలో మా భయం తేల్చింది, రెండో అమ్మాయి విషయంలో మా పౌరుషం తేల్చింది. పిల్లల మనసులో ఏముందో రెండుసార్లూ అడగలేదు.

సరే, లెక్కల సంగతికి వద్దాం. ఇంటర్‌లో లెక్కలు ఎందుకు తీసుకోవాలి అంటే మామూలుగా మూడు కారణాలు చెబుతారు. ఒక్కొక్కటీ ఎంత గట్టిదో తరచి చూద్దాం.

మొదటిది, లెక్కలు బతుకులో పనికొస్తాయి అన్నది. ఈ మాట మన ఇళ్లలో ఎవరూ కాదనరు. లెక్క రాకపోవడం వల్ల మనవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో శ్రీకాకుళం కొండల చరిత్రే చెబుతుంది. షావుకారు ఇచ్చిన పుట్టెడు ధాన్యం వడ్డీతో ఎంతయిందో షావుకారే చెప్పేవాడు, షావుకారే రాసుకునేవాడు. మనవాళ్ల వంతు వేలిముద్ర. చింతపండు అతని కాటా మీదే తూగేది. అప్పు తీరలేదనేవాడు, భూమి పోయేది. 1960లలో ఈ కొండల్లో రైతుకూలీ ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే అన్న సంగతి మా వృత్తివాళ్లం మరచిపోలేం. వారి దారి గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. అయితే లెడ్జరు చదవగలిగిన మనిషి ఊళ్లోకి వస్తే షావుకారు లెక్క ఎందుకు తడబడిందో ఆలోచించదగ్గదే. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టడం, 1970లో 1/70 రెగ్యులేషన్ తేవడం, ఇవన్నీ ఆ కాటాకూ ఆ కాగితానికీ జవాబుగా వచ్చినవే.

ఇప్పటి సంగతి కూడా చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా ఇచ్చేటప్పుడు నాలుగు హెక్టార్ల దాకా ఇవ్వవచ్చు. భూమి చుట్టూ జీపీఎస్ యంత్రంతో తిరిగి మూలమూలకూ అంకెలు రాసుకుంటారు. ఆ అంకెల నుంచి విస్తీర్ణం తేలుతుంది. దున్నే భూమికీ పట్టాలో పడిన భూమికీ పొంతన లేదని బాధపడే రైతులు మా ఊళ్లలో ఉన్నారు. ఆ మూలల అంకెలు చేతికి వస్తే, చేనును త్రిభుజాలుగా కోసుకుని నిరూపక రేఖాగణితంతో విస్తీర్ణం కట్టుకోవచ్చు. లెక్కలు వచ్చిన ఒక్క పిల్ల ఊళ్లో ఉంటే ఇది సాయంత్రం పూట అయ్యే పని.

అయితే నిజం నిజంగా చెప్పుకోవాలి. ఈ పనులకు పదో తరగతి లెక్కలు, దానికి కాస్త పైన చాలు. వడ్డీకి సమాకలనం అక్కర్లేదు. చింతపండు తూకానికి సంకీర్ణ సంఖ్యలు అక్కర్లేదు. ఇంటర్‌లో చదివిన శాంకవాలు, డిమావర్ సిద్ధాంతం ఎంపీసీ చదివిన వందమందిలో ఎందరు మళ్లీ వాడతారు? పట్నం పిల్లల్లోనే చాలామంది వాడరు. కాబట్టి "పనికొస్తాయి, తీసుకో" అని పదహారేళ్ల పిల్లకు చెప్పడం సగం నిజమే. పదో తరగతి దాకా లెక్కలు అందరికీ గట్టిగా రావాలి అనడానికి అది మంచి కారణం. దాని తరవాతి మెట్టు ఎక్కమనడానికి అది చాలదు.

రెండో కారణం తలుపు. లెక్కలు తీసుకుంటే కొన్ని తలుపులు తెరిచి ఉంటాయి, మానేస్తే మూసుకుంటాయి. ఇది పూర్తిగా నిజం. ఎంపీసీ చదివిన పిల్ల తరవాత మనసు మార్చుకుని బీఏ చదవవచ్చు, లా చదవవచ్చు, బీకాం చదవవచ్చు. హెచ్‌ఈసీ చదివిన పిల్ల తరవాత మనసు మార్చుకుని ఇంజనీరింగుకో బీఎస్సీ లెక్కలకో పోవాలంటే దారి దాదాపు ఉండదు. ఈ దారి ఒక వైపే నడుస్తుంది. ఎచ్చెర్లలో ఉన్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, అంటే మనం ట్రిపుల్ ఐటీ అనే దానిలో, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు తీసుకుంటారు. అక్కడ మొదటి రెండేళ్లలో లెక్కలు తప్పవు. సీబీఎస్‌ఈ బడుల్లో అయితే ఈ ప్రశ్న ఇంకా ముందే వచ్చిపడింది. 2020 పరీక్షల నుంచి పదో తరగతి లెక్కలకు స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లు పెట్టారు. పుస్తకం ఒకటే, బేసిక్ పేపరు సులువు. బేసిక్ రాసినవాళ్లకు పదకొండులో లెక్కలు ఉండవని మొదట నియమం పెట్టారు. తరవాత సడలింపులు ఇచ్చారు గాని, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల ఒక గడిలో పెట్టే టిక్కుకు ఎంత బరువుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

తలుపుల్లో మా మనసుకు దగ్గరిది ఒకటి ఉంది. మన బడుల్లో లెక్కల మాస్టారు ఎవరు? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న జీవో నంబరు 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ హక్కు ఏదో రూపంలో తిరిగి రావాలని మనమందరం అడుగుతున్నాం, అడగాలి కూడా. కాని ఇంకో ప్రశ్న కూడా మనల్ని మనం అడుక్కోవాలి. జీవో ఉన్నా, హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్ కావాలంటే లెక్కలతో డిగ్రీ ఉండాలి. లెక్కలతో డిగ్రీ కావాలంటే ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. మన పిల్లల్ని పదో తరగతి దగ్గరే "నీకెందుకు" అని పక్కకు తిప్పేస్తే, రేపు హక్కు తిరిగి వచ్చినా కుర్చీలో కూర్చునే మనిషి ఉండడు. మేము ఎన్నిసార్లు "నీకెందుకు" అన్నామో అన్ని కుర్చీలు మేమే ఖాళీ చేశామన్నమాట.

అమెరికాలో బాబ్ మోజెస్ అనే నల్లజాతి లెక్కల మాస్టారు ఉండేవాడు. 1960లలో మిసిసిపీ రాష్ట్రంలో నల్లవాళ్ల చేత ఓటర్లుగా పేర్లు నమోదు చేయించడానికి ప్రాణాలకు తెగించి పనిచేశాడు. తరవాత 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టాడు. ఓటు ఎలా హక్కో, పేదపిల్లలకు బీజగణితం అలాంటి హక్కేనన్నది అతని వాదన. ఓటరు పరీక్షలో తప్పించినట్టే, నల్లపిల్లల్ని పై లెక్కల తరగతికి రాకుండా నెమ్మదిగా తప్పిస్తున్నారని అతను గమనించాడు. ఎవరూ తిట్టరు, ఎవరూ కొట్టరు. "నీకు సరిపడేది ఇదిగో ఈ సులువు తరగతి" అంటారు, అంతే. మనకు ఇది ఎక్కడో విన్నట్టు లేదూ?

ఇంత చెప్పినా, తలుపు కారణానికీ ఒక లోపం ఉంది. తలుపు తెరిచి ఉండడం కోసమే చదివే చదువు వరండాలో నిలబడి ఉండడం లాంటిది. రెండేళ్లు ఇష్టం లేని గదిలో కూర్చుని, తెరిచి ఉన్న తలుపుల్ని లెక్కపెట్టుకుంటూ బతకమనడం పిల్లకు న్యాయం కాదు. మేము ముందుకు తోసిన అమ్మాయికి జరిగింది అదే. ఆమెకు మేము తలుపులు చూపించాం. ఆమె చూడాలనుకున్న చెట్టు ఆ తలుపుల వెనక లేదు.

ఇక మూడో కారణం. దీన్ని ఎక్కువమంది చెప్పరు. మాకు మాత్రం ఇదే అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

పై లెక్కల్లో పిల్లలు కొత్తగా చూసేది నిరూపణ. కింది తరగతుల్లో మాస్టారు చెప్పిన సూత్రంలో అంకెలు వేస్తే జవాబు వస్తుంది. పైకి వెళ్లేకొద్దీ "ఎందుకు?" అన్న ప్రశ్న లేకుండా అడుగు పడదు. ఒక మాట నిజమో కాదో తేల్చేటప్పుడు అక్కడ చెప్పినవాడి హోదాను చూడరు. కలెక్టరు చెప్పినా, మాస్టారు చెప్పినా, వెనక బెంచీలో కూర్చున్న సవర పిల్ల చెప్పినా ఒక మెట్టు మీద ఇంకో మెట్టు నిలబడిందా లేదా అన్నదే చూస్తారు. బోర్డు మీద మేము వేసిన గుర్తు తప్పయితే, "మాస్టారూ, అక్కడ మైనస్ రావాలి" అని పదహారేళ్ల పిల్ల అనవచ్చు. మేము దిద్దుకోవాలి. ఇంకెక్కడ ఉంది మనకు ఈ సౌకర్యం? ఆఫీసులో ఉందా, సంతలో ఉందా?

తరతరాలుగా మనవాళ్లకు నిజం అంటే ఇంకొకరు కాగితం మీద రాసినది. మన వంతు వేలిముద్ర వేయడం. వేలిముద్ర వేసినవాడు ఎదుటివాడి లెక్కను నమ్మాను అంటున్నాడు. నిరూపణ నేర్చినవాడు "ఆ మెట్టు నాకు చూపించు" అంటాడు. ఈ ఒక్క మాట అనడం అలవాటైన పిల్ల సమాకలనం సూత్రాలన్నీ మరచిపోయినా ఫరవాలేదు. రేపు గ్రామసభలో, బ్యాంకులో, ఆసుపత్రి బిల్లు ముందు ఆ మాట ఆమెతో ఉంటుంది.

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వేసుకోవాలి. ఈ గౌరవం లెక్కల్లోనే దొరుకుతుందా? దొరకదు. చట్టం చదివిన పిల్లకు కూడా "ఏ సెక్షన్ కింద?" అని అడగడం వస్తుంది. ఏ విత్తు ఏ నేలలో ఎందుకు మొలవదో అమ్మమ్మకు తెలుసు. ఆమె కూడా ఎవరో చెబితే నమ్మలేదు, ఏటేటా చూసి తేల్చుకుంది. కాబట్టి లెక్కలు చదవనివాడికి ఆలోచన రాదు అంటే అది అహంకారం. లెక్కల మాస్టర్లకు ఈ అహంకారం కొంచెం ఎక్కువ. మేము చెప్పేది ఇంతే. లెక్కల్లో ఈ గుణం చాలా నిక్కచ్చిగా, ఎవరి దయా అక్కర్లేకుండా దొరుకుతుంది. దాని రుచి ఒక్కసారైనా చూడకుండా ఏ పిల్లా "నాకు లెక్కలొద్దు" అనకూడదు. రుచి చూశాక వద్దంటే, ఆ వద్దనడం ఆమె హక్కు.

"మీవాళ్లకు లెక్కలు రావండీ" అని పట్నంలో ఒక కాలేజీ ఆయన మా ముందే అన్నాడు. ఈ మాట మన పిల్లలు కూడా నమ్ముతారు. దీనికి జవాబు చెప్పాలి.

సవరల పాత లెక్క ఎలా ఉంటుందో చూడండి. పన్నెండు దాకా ఒక్కో అంకెకూ ఒక్కో పేరు. ఆ పైన పదమూడును పన్నెండు-ఒకటి అంటారు. పందొమ్మిది అంటే పన్నెండు-ఏడు. ఇరవైకి మళ్లీ వేరే పేరు. అక్కడి నుంచి ఇరవైలతో కట్టుకుంటూ పోతారు. ముప్పై తొమ్మిది అంటే ఒక ఇరవై, పన్నెండు, ఏడు. పరీక్షలో పాసు మార్కు ముప్పై అయిదును ఆ లెక్కలో ఒక ఇరవై, పన్నెండు, మూడు అనాలి. ఇంటర్ లెక్కల పేపరుకు చాలా ఏళ్లు ఉన్న డెబ్బై అయిదు మార్కులు మూడు ఇరవైలు, పన్నెండు, మూడు అవుతాయి. పన్నెండునూ ఇరవైనీ కలిపి వాడే ఇలాంటి లెక్క ప్రపంచ భాషల్లో బహు అరుదని భాషావేత్తలు దీన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఎనభైని నాలుగు ఇరవైలనే అంటారు. అందువల్ల ఫ్రాన్సు పిల్లలకు లెక్కలు రావని ఎవరూ అనలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మనసులో గుణించి, కూడే జనానికి లెక్క రాదనడం ఎంత విడ్డూరం!

మన గిడుగు రామమూర్తి గారు ఈ సంగతిని వందేళ్ల కిందటే గ్రహించారు. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. లోపం పిల్లల బుర్రలో లేదని, చెప్పే భాషలో ఉందని ఆయనకు తెలుసు.

మన పిల్లలు లెక్కల్లో ఎక్కడ తప్పుతున్నారో మేము గమనించాం. పదకొండో తరగతిలో తప్పడం లేదు, నాలుగు అయిదు తరగతుల్లో తప్పుతున్నారు. ఇంట్లో సవరో కువియో మాట్లాడే పిల్లకు "భిన్నం", "లవం", "హారం" అనే మాటలు అర్థం కాకముందే పాఠం దాటిపోయింది. ఒక్కోచోట వానల్లో గెడ్డ పొంగి మాస్టారే రాలేదు. ఆ గుంట పూడకుండానే పదో తరగతి వచ్చింది. ఇందులో ఒక వింత కూడా ఉంది. "సదిశ", "అవకలజం" అన్న మాటలు ఎవరి ఇంటి మాటలూ కావు. పట్నం పిల్లకూ అవి అంతే కొత్త. ఇంటర్ లెక్కల భాష దగ్గర అందరం ఒకే గీత మీద నిలబడతాం. మనల్ని వెనక్కి లాగేది ఆ పై మాటలు కావు, పాత భిన్నాలు. అంటే గుంట పూడ్చడం సాధ్యమే. అది కొండ కాదు, గుంటే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. తేల్చవలసింది ఎవరు?

పిల్లే తేల్చుకోవాలి అనడం సులువు. కాని తెలియకుండా తేల్చుకోవడం తేల్చుకోవడం కాదు. ఏముందో చూడని తలుపును తీయననడం స్వేచ్ఛ కాదు, భయం. అలాగే పదిమంది చూస్తున్నారని తలుపు తోయడం కూడా స్వేచ్ఛ కాదు. కాబట్టి పిల్ల తేల్చుకోవాలంటే ముందు మా వైపు నుంచి జరగవలసిన పనులు ఉన్నాయి. అవి చేయకుండా "నీ ఇష్టం" అని చేతులు దులుపుకుంటే, అది కూడా మా తప్పుల్లో మూడోది అవుతుంది.

ఒకటి, గుంట పూడ్చాలి. తొమ్మిది, పది తరగతుల్లో భిన్నాలు, రుణ సంఖ్యలు, సమీకరణాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. సిగ్గుపడకుండా, సిగ్గుపెట్టకుండా చెప్పాలి. పిల్ల ఇంటి భాష మాకు వస్తే ఆ భాషలో, రాకపోతే వచ్చిన పిల్లల చేత చెప్పించాలి.

రెండు, రుచి చూపించాలి. పదో తరగతి అయిపోయేలోపు ఒక్క నిరూపణ అయినా పిల్ల సొంతంగా చేసి ఉండాలి. రెండు బేసి సంఖ్యలు కూడితే సరి సంఖ్యే ఎందుకు వస్తుంది? చింతపిక్కలు జంటలుగా పేర్చి చూస్తే చాలు. రెండు గుంపుల్లోనూ ఒక్కో పిక్క ఒంటరిగా మిగులుతుంది, ఆ రెండూ కలిసి జంట అవుతాయి. అది చూసి పిల్ల మొహం వెలిగిందా? మార్కుల కాగితం కన్నా ఆ వెలుగు ఎక్కువ చెబుతుంది.

మూడు, నిజం చెప్పాలి. ఎంపీసీకి ఎంత సమయం పడుతుందో, ఎందరు మొదటిసారి తప్పుతారో, తప్పితే సప్లిమెంటరీ ఉందని, తప్పడం తలవంపు కాదని చెప్పాలి. హాస్టల్లో చెప్పేవాళ్లు ఎవరున్నారో కనుక్కోవాలి. ఇల్లు వదిలి దూరం పోవాలంటే ఆ దిగులు కూడా లెక్కలో వేసుకోవాలి.

నాలుగు, జాతి బరువు పిల్ల నెత్తిన పెట్టకూడదు. "మనవాళ్ల పేరు నిలబెట్టాలి" అనే మాట పెద్దలు మోయవలసింది. పదహారేళ్ల పిల్ల తన ఒక్క బతుకును సరిగ్గా బతికితే జాతికి అది చాలు. నర్సు కావాలన్న పిల్ల నర్సయితే ఆమె మన జాతికి ఏమీ తక్కువ చేయలేదు.

పిల్లలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఒకటే ఉంది. లెక్కలు నీకు వస్తాయా అని అడుక్కోకండి. రానప్పుడు నువ్వు ఏం చేస్తావు అని అడుక్కోండి. ఒక లెక్క రాలేదు. పుస్తకం మూసి హమ్మయ్య అనుకున్నావా? లేక అన్నం తింటూ కూడా అదే మనసులో తిరిగిందా? రెండో రకం అయితే, మార్కులు ఎన్ని వచ్చినా నీకు ఆ గదిలో చోటుంది. మొదటి రకం అయితే, నీ మనసు తిరిగే చోటు ఇంకెక్కడో ఉంది. అది వెతుక్కో. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కిందటి ఏడు ఒక తండ్రి తన కూతుర్ని తీసుకుని వచ్చాడు. పిల్ల మార్కులు మధ్యరకం. "ఏటి మాస్టారూ, ఈ పిల్ల లెక్కల గ్రూపే తీత్తానంతంది. మీరైనా సెప్పండి" అన్నాడు. మా నోటికి పాత మాట వచ్చింది. కొత్త మాట కూడా వచ్చింది. రెండూ మింగేసి పిల్లనే అడిగాం: "ఎందుకమ్మా?"

పిల్ల చాలాసేపు నేలచూపులు చూసింది. తరవాత, "పోయినేడు మీరు బోర్డు మీద తప్పు సేసినారు కదండీ, నాను సెప్పినాను కదండీ" అంది. "మీరు సెరిపేసి మళ్లీ రాసినారు."

తండ్రి కంగారుపడి మా మొహం చూశాడు, పిల్లను మందలించబోయాడు. మేము వద్దన్నాం. ఆ రోజు సంగతి మాకు గుర్తే లేదు. మేము ఒక గుర్తు సరిదిద్దుకుని పాఠంలో ముందుకు పోయాం. ఆ పిల్ల దాన్ని ఏడాదిపాటు దాచుకుంది.

తండ్రితో ఇంతే అన్నాం: "అన్నా, ఇది నేను సెప్పేది కాదు, నువ్వు సెప్పేది కాదు. ఆ పిల్ల తేల్చేసుకుంది. కష్టం ఉంతాది. ఓ పేపరు తప్పినా ఇంటికి పిలిచేయకు, మాకు కబురు సెయ్యి." ఆయన కొంతసేపు ఆలోచించి, "సరే బాబూ" అన్నాడు. ఇద్దరూ బస్సు కోసం వెళ్లారు.

ఆ పిల్ల ఇప్పుడు మొదటి ఏడు చదువుతోంది. రేపు ఏమవుతుందో మాకు తెలియదు. పాసవ్వచ్చు, తప్పవచ్చు. మళ్లీ మనసు మార్చుకోవచ్చు. అయితే ఈసారి మా మనసులో బరువు లేదు. ఆమె ఏ దారిలో పోయినా, ఆ దారి మేము గెంటిందీ కాదు, మేము మూసిందీ కాదు. వచ్చే ఫలితాల రోజున మన దగ్గరికి ఇంకో పిల్ల వస్తుంది. "ఏ గ్రూపు తియ్యమంటారు" అని అడుగుతుంది. తోటి ఉపాధ్యాయులారా, ఆ రెండు నిమిషాల్లో ముందు అడగవలసింది మనం, జవాబు చెప్పవలసింది ఆ పిల్ల.